రాయడం వచ్చీ రాయని జనం

ఆస్టరిక్స్ కామిక్స్ చదివినవాళ్ళకి గాల్ ప్రజలంటే ఏదో మాయ కషాయం తాగి రోమన్ సైనికుల్ని చితక్కొట్టే మీసాలవాళ్ళు. నాకూ చాలాకాలం అంతే తెలుసు. ఆ తర్వాత జూలియస్ సీజర్ వాళ్ళమీద చేసిన యుద్ధాల గురించి తనే రాసుకున్న పుస్తకం, ఇంగ్లీషు అనువాదంలో, చదివాను. అప్పట్నుంచీ ఒక సంగతి బుర్రని తొలుస్తోంది.

గాల్ అంటే ఒక రాజ్యం కాదు. ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియం, స్విట్జర్లాండ్, ఉత్తర ఇటలీల్లో బతికిన కెల్టిక్ తెగలు. క్రీ.పూ. 390 ప్రాంతంలో రోమ్ నగరాన్నే దోచుకున్నారు. రోమన్లకి ఆ భయం తరతరాలు పోలేదు. లెక్క సరిచేసినవాడు సీజర్. క్రీ.పూ. 52లో అలేసియా దగ్గర వెర్సింజెటోరిక్స్ లొంగిపోయాడు. (ఆ 'రిక్స్' అంటే రాజే, మన సంస్కృతం 'రాజన్'కి చుట్టం.) అతన్ని ఆరేళ్ళు బందీగా ఉంచి, క్రీ.పూ. 46లో రోమ్ వీధుల్లో ఊరేగించి చంపేశారు. ఆ మనిషి గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా ఓడించినవాడూ, వాడి తరఫువాళ్ళూ చెప్పిందే. వీళ్ళ వైపునుంచి ఒక్క ముక్క లేదు.

రాయడం రాకనా? కాదు, అదే విచిత్రం. హెల్వెటీ అనే తెగ శిబిరంలో గ్రీకు లిపిలో రాసిన జనాభా జాబితాలు దొరికాయని సీజరే చెప్తాడు. మొత్తం 3,68,000 మంది బయల్దేరితే తిరిగి ఇల్లు చేరింది 1,10,000 మందిట. (సీజర్ అంకెల్ని కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది లెండి.) అంటే లెక్కలు రాసుకున్నారు. శాస్త్రం మాత్రం రాయలేదు. వాళ్ళ గురువులైన డ్రూయిడ్లు విద్యనంతా నోటిపాఠంగానే చెప్పేవారు, కొందరు శిష్యులు ఇరవయ్యేళ్ళు వల్లెవేసేవారు. రాస్తే విద్య అందరిపాలూ అవుతుందనీ, జ్ఞాపకశక్తి మొద్దుబారుతుందనీ కారణాలు కావచ్చని సీజర్ ఊహ.

మన వేదపండితుల్లాగే కదా అని ముచ్చటేస్తుంది. కానీ మా ఆఫీసులో ఒక సిస్టమ్ గుట్టంతా ఒక్కడి బుర్రలోనే ఉండేది. అతను మానేశాక మేం పడ్డ పాట్లు నాకింకా గుర్తే. డ్రూయిడ్లు మానెయ్యలేదు, క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ చక్రవర్తులు వాళ్ళని అణిచేశారు. ఇరవయ్యేళ్ళ చదువు వాళ్ళతోనే మట్టిలో కలిసిపోయింది. మనకి శిష్యపరంపర తెగలేదు, వాళ్ళకి తెగింది. తేడా అంతే.

ఒక్కటి మాత్రం మిగిలింది. 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీ దగ్గర ముక్కలైన కంచు పలక దొరికింది. రోమన్ పాలనలో, లాటిన్ అక్షరాల్తో, గాలిష్ భాషలో చెక్కిన పంచాంగం. ఐదేళ్ళకి 62 చాంద్రమాసాలు, అందులో రెండు అధికమాసాలు! మన వేదాంగ జ్యోతిషంలోని యుగం కూడా సరిగ్గా ఇంతే. ఎవరు ఎవర్నించి నేర్చుకున్నారనే గొడవ అక్కర్లేదు. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కలపాలనుకుంటే ఎవరికైనా ఈ లెక్క తగలొచ్చు. కానీ నెలని రెండు పక్షాలుగా విడగొట్టడం చూస్తే నాకైతే మా ఇంటి గోడమీది పంచాంగమే గుర్తొచ్చింది.

అందులో మొదటి నెల పేరు సమోనియోస్. అది ఎండాకాలంలో వచ్చేదా, చలికాలం మొదట్లోనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. తొలి ఏడాది చదివే డ్రూయిడ్ పిల్లాడు కూడా చెప్పేసేవాడు.