పరాయి ఇంటిలో ఒక సంవత్సరం

1923వ సంవత్సరం జూలై 7వ తేదీన న్యూయార్కు రేవునుండి 'రోషాంబో' అనే ఫ్రెంచి ఓడ బయలుదేరినది. డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎనిమిదిమంది విద్యార్థులు, వారికి తోడుగా రేమండ్ కిర్క్‌బ్రైడ్ అనే యువ ఆచార్యుడు ఆ ఓడలో ఉన్నారు. కిర్క్‌బ్రైడ్ మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. ఫ్రెంచి భాష బోధించేవాడు. ఒక భాషను పుస్తకం ముందు కూర్చుండబెట్టి నాలుగేండ్లు నేర్పడం కంటె, ఆ భాష మాట్లాడే ఇంటిలో ఒక యేడాది ఉంచి నేర్పడం మేలని ఆయన నమ్మకం. ఆ మాట విని విశ్వవిద్యాలయాధ్యక్షుడు వాల్టర్ హల్లిహెన్ సమ్మతించాడు గాని, దానికి కావలసిన ధనం బయటి దాతల వద్దనే తేవలసివచ్చినది.

విద్యార్థులను తిన్నగా పారిస్‌కు తీసుకొనిపోలేదు. ముందు లొరేన్ ప్రాంతంలోని నాన్సీ నగరంలో కొన్ని వారాలపాటు భాషాభ్యాసం చేయించి, తరువాత పారిస్‌లో సోర్‌బాన్‌కు పంపారు. ఏ ఊరిలో ఉన్నా బస మాత్రం ఫ్రెంచి కుటుంబాలలోనే. సంవత్సరం ముగిసిన తరువాత అక్కడ చదివిన చదువును స్వదేశంలోని విశ్వవిద్యాలయం తన లెక్కలోనే జమ వేసుకొన్నది. ఈ ఏర్పాటులోని కొత్తదనమంతా ఇక్కడనే ఉన్నది. అంతకు ముందు విదేశానికి పోయినవాడు పట్టా పుచ్చుకొనే తిరిగివచ్చేవాడు, లేదా అక్కడనే స్థిరపడిపోయేవాడు. వీరు మూడవ యేడు మాత్రం పరాయి దేశంలో గడిపి, నాలుగవ యేటికి తమ తరగతిలో తాము వచ్చి కూర్చున్నారు.

పారిస్‌కు విదేశ విద్యార్థి కొత్తవాడు కాడు. మధ్యయుగాలలోనే అక్కడి విద్యార్థులు 'జాతులు' అనే పేరిట నాలుగు సంఘాలుగా ఉండేవారు. ఇంగ్లీషు జాతి అనే సంఘంలో జర్మనులు, ఉత్తర దేశాల వారు కూడా చేరి ఉండేవారు. 1257లో రాబర్ట్ ద సోర్‌బాన్ అనే మతాచార్యుడు పేద విద్యార్థుల కొరకు స్థాపించిన నివాసమే నేటి సోర్‌బాన్ పేరుకు మూలం. సేన్ నదికి ఎడమగట్టున 'గడ్డి వీధి' అనే అర్థం వచ్చే పేరుగల చిన్న వీధి ఇప్పటికీ ఉన్నది. ఆ రోజులలో విద్యార్థులు నేలమీద పరచిన గడ్డిపై కూర్చుండి పాఠం వినేవారు గనుక ఆ పేరు వచ్చినది. మన వీధిబడులలో ఇసుక పరచి అక్షరాలు దిద్దించిన సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

డెలవేర్ వారు చూపిన దారిలో 1925లో స్మిత్ కళాశాల తన విద్యార్థినులను పంపినది. అదే యేడు పారిస్ దక్షిణపు అంచున, పాత కోటగోడలు తొలగించిన స్థలంలో, అంతర్జాతీయ విద్యార్థి నగరం వెలిసినది. యుద్ధానంతరం పారిస్‌లో విద్యార్థులకు గదులు దొరకని ఇబ్బంది ఒకవైపు, వివిధ దేశాల యువకులు ఒకచోట కలిసి ఉంటే మరొక యుద్ధం రాదేమోనన్న ఆశ మరొకవైపు ఆ నగరాన్ని కట్టించినవి. ఆశ నెరవేరలేదు గాని, ఇండ్లు నిలిచినవి. ఒక్కొక్క దేశం అక్కడ ఒక్కొక్క భవనం నిర్మించుకొన్నది. భారతదేశపు భవనం 1968లో ప్రారంభమైనది.

అయితే విద్యార్థి నగరంలో గది దొరికినవాడి అనుభవం వేరు, కుటుంబంలో బస చేసినవాడి అనుభవం వేరు. మొదటివాడికి గది ఉంటుంది. రెండవవాడికి గదితోపాటు భోజనాల బల్ల ఉంటుంది. కిర్క్‌బ్రైడ్ పందెం వేసినది ఆ బల్ల మీదనే.

ఆ బల్ల వద్ద నేర్చుకొనవలసినవి ఎన్నో ఉన్నవి. అమెరికాలో భోజనం చేసేటప్పుడు ఎడమచేయి ఒడిలో పెట్టుకొనడం మర్యాద. ఫ్రాన్సులో రెండు మణికట్లూ బల్లమీద కనబడుతూ ఉండడం మర్యాద. రొట్టెముక్కను పళ్ళెంలో గాక బల్లగుడ్డ మీదనే ఉంచుతారు. ఆకుకూరల సలాడు ముఖ్యమైన వంటకం తరువాత వస్తుంది; దానిని కత్తితో కోయరాదు. ఆ తరువాత జున్ను, ఆ పైన పండో తీపో. ఉదయం కాఫీ పాలు పిడిలేని గిన్నెలో పోసి ఇస్తే దానిని రెండు చేతులతో పట్టుకొని త్రాగాలి. పంక్తిలో ఏ పదార్థం విస్తరిలో ఏ వైపున వడ్డించాలో ఎరిగిన మన పెద్దలకు ఇందులో ఆశ్చర్యం లేదు. మర్యాద అనేది ప్రతిదేశంలోనూ వంటింటిని ఆనుకొనే ఉంటుంది.

ఇక సంబోధన. ఇంగ్లీషులో చిన్నవాడికీ పెద్దవాడికీ ఒకే మాట. ఫ్రెంచిలో 'తు' అని ఒకటి, 'వు' అని మరొకటి: మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్లే. ఇంటి యజమానురాలిని 'తు' అని పిలిచి నాలుక కరచుకొన్న అమెరికను విద్యార్థులకు వ్యాకరణ గ్రంథం తోడుపడేది కాదు. ఈ విషయంలో తెలుగు విద్యార్థి వారికంటె ఒక మెట్టు ముందుగానే ఓడ దిగుతాడని చెప్పవచ్చు. అయినా అతడికీ ఒక చిక్కు వస్తుంది. ఫ్రాన్సులోని కొన్ని పాతకాలపు ఉన్నత కుటుంబాలలో భార్యాభర్తలు కూడా ఒకరినొకరు 'వు' అనే పిలుచుకొంటారు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చి ఈ రాకపోకలు ఆగిపోయినవి. యుద్ధం తరువాత వచ్చినవారు చూచిన ఫ్రాన్సు వేరు. 1948 అక్టోబరులో అమెరికా, ఫ్రాన్సు ప్రభుత్వాలు ఫుల్‌బ్రైట్ ఒడంబడిక చేసుకొన్నవి. యుద్ధంలో మిగిలిపోయిన సైనిక సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్ముతో విద్యార్థులను, ఆచార్యులను ఇటునుండి అటు, అటునుండి ఇటు పంపాలన్నదే ఆ ఏర్పాటుకు ఆధారం. లారీలూ గుడారాలూ చదువుగా మారినవన్నమాట.

1949 ఆగస్టులో స్మిత్ కళాశాల బృందంతో బయలుదేరినవారిలో జాక్వెలిన్ బూవియే అనే ఇరువది యేండ్ల యువతి ఉన్నది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్యగా ఆమెను లోకమంతా ఎరుగును; అప్పటికి ఆమె వాసర్ కళాశాల విద్యార్థిని మాత్రమే. బృందమంతా ముందు గ్రెనోబుల్‌లో భాషాభ్యాసం చేసి శరదృతువులో పారిస్ చేరినది. ఫ్రెంచి తప్ప వేరు భాష మాట్లాడబోమని ఆ విద్యార్థినులు మాట ఇచ్చి వచ్చారు. ఆమెకు బస కుదిరినది పారిస్ పదహారవ వార్డులో, ఒక కౌంటెస్ గారి ఇంటిలో. కౌంటెస్ అనగానే మన ఊహలో దీపాలు, దాసదాసీజనం మెదులుతారు. ఆ ఇంటిలో అటువంటిదేమీ లేదు. ఇంటావిడ, ఆమె ఇద్దరు కుమార్తెలు, ఒక చిన్న మనుమడు, బసకు వచ్చిన ముగ్గురు అమెరికను యువతులు. ఏడుగురికీ కలిసి ఒకే స్నానపు గది. ఇల్లంతటినీ వెచ్చబరచే ఏర్పాటు లేదు. వేడినీరు కొలత మీద దొరికేది. నీళ్ళు కాచే పాత పరికరం ఒకమారు పేలి కిటికీ అద్దం పగిలినది. చలికాలంలో జాక్వెలిన్ ఉన్ని దుస్తులన్నీ తొడుగుకొని, చేతులకు తొడుగులు వేసుకొని, పక్కమీద కూర్చుండియే పాఠాలు వ్రాసుకొనేది. చక్కెరకు, కాఫీకి రేషను కార్డులు వాడవలసివచ్చిన రోజులవి.

ఇది ఆ ఒక్క ఇంటి కథ అనుకొనరాదు. 1954 జనాభా లెక్కల ప్రకారం ఫ్రాన్సులో స్నానపు తొట్టిగాని షవరుగాని గల ఇండ్లు సుమారు పదింటికి ఒకటి మాత్రమే. ఇంటిలోపల కుళాయి నీరు గలవి సగానికి కొంచెం ఎక్కువ. వారానికి ఒకమారు పురపాలక సంఘం వారి స్నానశాలకు పోయి, రుసుము చెల్లించి, వేడినీటి స్నానం చేసి రావడం పారిస్ సంసారులకు అలవాటే. మెట్ల మీద దీపపు మీట నొక్కితే వెలుగు కొద్ది నిమిషాలే ఉండేది. ఆరవ అంతస్తు గదికి ఎక్కే విద్యార్థికి సగం దారిలో చీకటి పడేది.

అటువంటి ఇంటివారు పరాయి పిల్లలను ఎందుకు చేర్చుకొన్నారు? సౌహార్దం కొరకు అని చెప్పడం వినసొంపుగానే ఉంటుంది. కాని ఇంటిలో సంపాదించే మగవాడు లేక, పెద్ద ఇల్లు మిగిలి, నెలనెలా వచ్చే బస రుసుము మీద గౌరవంగా బ్రతకవలసిన కుటుంబాలు యుద్ధానంతర ఫ్రాన్సులో ఎన్నో ఉండినవి. ఈ కౌంటెస్ గారి కథ అదే. ఆమె, ఆమె భర్త జర్మను ఆక్రమణ కాలంలో ప్రతిఘటనోద్యమంలో పనిచేశారు. ఇద్దరినీ పట్టుకొని జర్మనీకి పంపారు. ఆయన డోరా నిర్బంధశిబిరంలో మరణించాడు. ఆమె రావెన్స్‌బ్రూక్ శిబిరంలో బ్రతికి బయటపడి ఇంటికి తిరిగివచ్చినది. శిబిరం నుండి వచ్చి అయిదేండ్లయినా నిండక ముందే పరాయి దేశపు పిల్లలకు వండి పెట్టి, బల్ల వద్ద వారి ఉచ్చారణ దిద్దినది. ఆ సంవత్సరం సెలవులలో జాక్వెలిన్ జర్మనీ, ఆస్ట్రియాలు తిరిగినప్పుడు డకావ్ శిబిరాన్ని కూడా చూచి వచ్చినది. విహారయాత్రకు పోయిన ఇరువది యేండ్ల పిల్ల అక్కడికి ఎందుకు పోయిందని అడిగేవారికి, తాను ఎవరి చేతి అన్నం తింటున్నదో ఆమెకు తెలుసు అన్నదే నాకు తోచే సమాధానం.

చదువు విషయం కొద్దిమాటలలో చెప్పవచ్చు. పెద్ద శాలలో వందలమంది మధ్య కూర్చుండి గళ్ళ కాగితపు పుస్తకాలలో ఆచార్యుడి మాటలు వ్రాసుకొనడం. ప్రశ్నలడిగే ఆచారం లేదు. మార్కులు ఇరువదికి, పది వస్తే గట్టెక్కినట్లు, పదునాలుగు వస్తే గొప్ప, ఇరువది ఎవరికీ రాదు. స్వదేశంలో తొంబదులు తెచ్చుకొన్న పిల్లలు పదకొండు చూచి కంటతడి పెట్టి, తరువాత తోటి ఫ్రెంచి విద్యార్థుల మార్కులు చూచి కుదుటపడేవారు.

పరాయి ఇల్లు ఎంత ఆదరించినా, సొంత ఇల్లు వెంటనే వస్తుంది. 1963 సెప్టెంబరులో హామిల్టన్ కళాశాల వారి బృందం భాషాభ్యాసం కొరకు సముద్రతీరపు బియారిట్జ్ పట్టణంలో ఉన్నది. ఆ బృందంలో ఏంజెలా డేవిస్ అనే నీగ్రో యువతి ఉన్నది. ఆమె స్వస్థలం అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్. 15వ తేదీన ఆ ఊరిలో నల్లవారి చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించారు. ఆ వార్తను ఆమె బియారిట్జ్‌లో వార్తాపత్రికలో చదివినది. చనిపోయిన పిల్లలు ఆమెకు పరిచితులు. తోటి విద్యార్థులు ఓదార్చారు; కాని తనకు కలిగినదేమిటో వారికి అర్థం కాలేదని ఆమె తరువాత తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నది. ఫ్రాన్సు అందరినీ సమానంగా ఆదరించే దేశమన్న భ్రమ కూడా ఆమెకు లేదు. అంతకు ముందటి యేడు పారిస్‌కు వచ్చినప్పుడే అక్కడ అల్జీరియనులను ఎట్లా చూస్తున్నారో ఆమె గమనించినది. ఒక ఊరిలో అతిథి అయిన రంగే మరొక గుమ్మంలో అపరాధమవుతుంది.

మన హైదరాబాదుకు ఈ కథతో ఒక సంబంధం ఉన్నది. 1929లో నిజాం కళాశాలలో పట్టభద్రుడైన రాజారావు అనే కన్నడ యువకుడు హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో ఫ్రాన్సుకు వెళ్ళాడు. ఆయన పోయినది ఒక యేడాది కొరకు కాదు, పరిశోధన కొరకు. ముందు మాంపెలియే విశ్వవిద్యాలయంలోను, తరువాత సోర్‌బాన్‌లోను చదివాడు. మాంపెలియేలో ఫ్రెంచి బోధించే కమీయ్ మూలీని 1931లో వివాహం చేసుకొన్నాడు. చుట్టూ ఫ్రెంచి భాష, చేతిలో పరిశోధన. అయినా ఆ కాలంలో ఆయన కన్నడంలో వ్యాసాలు వ్రాసి ధార్వాడకు పంపేవాడు. 1938లో వెలువడిన ఆయన మొదటి నవల 'కాంతపుర' వ్రాసినది ఫ్రాన్సులోనే. అందులో ఫ్రాన్సు ఎక్కడా లేదు. ఉన్నది పడమటి కనుమల మీద ఎత్తున ఒక పల్లె, ఆ పల్లె గుండా సాగిన గాంధీ ఉద్యమం, ఆ కథనంతా అరుగుమీద కూర్చుండి చెప్పినట్లు చెప్పే అచ్చక్క అనే ఒక ముసలమ్మ.