గోనెసంచి నుంచి చేతిసంచి దాకా

వస్తు సంస్కృతి చరిత్రలో సంచికి దక్కిన స్థానం స్వల్పం. ధాన్యం, ఉప్పు, పత్తి ఏ దారుల వెంట ఎక్కడికి చేరాయో విపులంగా రాసిన చరిత్రకారులు వాటిని మోసిన సంచిని గురించి ఒకటి రెండు మాటలతో సరిపెట్టుకున్నారు. భాష మాత్రం దానిని మరచిపోలేదు. పాణిని తన అష్టాధ్యాయిలో ‘గోణీ’ శబ్దం ధాన్యం పోసే సంచి అనే అర్థంలో ఎట్లా సిద్ధిస్తుందో ప్రత్యేకంగా సూత్రీకరించాడు. ఆ గోణీయే మన గోనె. ఆంగ్లేయుల వ్యాపార పత్రాలలో ‘గన్నీ’గా మారి ప్రపంచమంతటా తిరిగినదీ అదే. తెలుగులో గోనె, గోతం, జోలె, తిత్తి, చిక్కం అని వేరువేరు పేర్లు ఉండడమే ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంచి ఉండేదనడానికి నిదర్శనం. జంగమ భుజాన జోలె, పశువు మూతికి చిక్కం, కమ్మరి కొలిమికి తోలు తిత్తి, బండిమీద గోనె. వీటిలో ఏదీ అలంకారం కోసం పుట్టినది కాదు. అయినా ఈనాడు నగరాలలో కళాత్మకమైన చేతిసంచిగా మన్నన పొందుతున్న ఒక వస్తువు మూలాలు ఆ బరువు మోసిన గోనెలతో పెనవేసుకొని ఉన్నాయి. లంబాడీలని, లంబాణీలని, సుగాలీలని వివిధ ప్రాంతాలలో వ్యవహరింపబడే బంజారాల కుట్టుసంచి ఆ వస్తువు.

బంజారాలు మధ్యయుగ భారతదేశపు రవాణా వ్యవస్థకు వెన్నెముక వంటివారు. ‘వణిజ’ శబ్దం నుంచి బంజారా అనే మాట, ‘లవణ’ శబ్దం నుంచి లంబాణీ అనే మాట వచ్చాయని చెప్పేవారున్నారు. వ్యుత్పత్తి ఎట్లా ఉన్నా వాణిజ్యం, ఉప్పు రెండూ వారి జీవితంలో భాగాలే. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు 14,000 ఎద్దులతో ధాన్యం తరలిస్తున్న ఒక తాండాను చూసినట్లు రాసుకున్నాడు. అదే శతాబ్దంలో మన దేశంలో పర్యటించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వీరిలో నాలుగు తెగలున్నాయనీ, గోధుమల వంటి ధాన్యాలు, బియ్యం, పప్పులు, ఉప్పు అనే నాలుగు సరుకులను తలా ఒకటి మోసేవారనీ వర్ణించాడు.

ఈ రవాణా విధానంలో ఒక నిండైన ఆర్థిక తర్కం ఉంది. ఎద్దు వీపుకు ఇరువైపులా సమానమైన బరువుతో రెండు సంచులు వేలాడుతాయి. బండికి కావలసిన బాట దీనికి అక్కరలేదు. పశువు దారిపొడవునా మేస్తూ నడుస్తుంది గనుక మేతకు ఖర్చు లేదు. నడక నిదానమే కాని కిరాయి తక్కువ. పొద్దు వాలగానే సంచులు దించాలి, తెల్లవారగానే మళ్లీ ఎత్తాలి. రోజూ ఎత్తి దించే ఆ సంచి కుట్టు విడిపోతే ఆనాటి లాభం నేలపాలవుతుంది. కాబట్టి సూది ఆ సంచార జీవితంలో అత్యవసరమైన పనిముట్టు. పాత బట్టను పొరలు పొరలుగా పరచి దగ్గర దగ్గరగా పరుగుకుట్టు వేస్తే అది కొత్త బట్ట కంటే దృఢమవుతుంది. బంజారా కుట్టుపనిలో నేటికీ కనిపించే ఈ లక్షణం సౌందర్య దృష్టి కంటే ముందు అవసరం నేర్పిన పాఠమని భావించడం అసంగతం కాదు.

దక్కను యుద్ధాలలో వీరి పాత్ర ప్రసిద్ధం. 1791-92లో టిప్పు సుల్తానుపై దండెత్తిన కార్న్‌వాలిస్, 1803లో మరాఠాలతో తలపడిన ఆర్థర్ వెల్లస్లీ తమ సేనల తిండిగింజలకు బంజారాల మీద ఎంతగానో ఆధారపడ్డారు. కాని అదే పాలన అర్ధశతాబ్దం తిరగకముందే వారి వృత్తికి ముప్పు తెచ్చింది. 1853లో బొంబాయి, ఠాణేల మధ్య తొలి ప్రయాణికుల రైలు నడిచింది. 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య నిజాం రైలుమార్గం ప్రారంభమై దక్కను పీఠభూమి నడిబొడ్డుకు చేరింది. ఎద్దు చేసే పనిని ఇనుపదారి అందుకున్నది. మరోవైపు 1855లో కలకత్తా సమీపంలోని రిశ్రాలో జార్జ్ ఆక్లండ్ స్థాపించిన జనపనార మిల్లుతో సంచి తయారీ సైతం యంత్రం పాలయింది. అంతకుముందు బెంగాలులో చేమగ్గాలపై నేసిన గోనెలు ఎగుమతయ్యేవి. తరువాతి కాలంలో హుగ్లీ తీరపు మిల్లులు ప్రపంచానికంతటికీ సంచులు పంపాయి. మన ప్రాంతంలో గోగునార పండే ఉత్తరాంధ్రలోనూ, ఏలూరులోనూ అటువంటి మిల్లులు వెలిశాయి. ఈ విధంగా మోసే ఎద్దు, మోయించే సంచి రెండూ ఒకే తరంలో బంజారాల చేతి నుంచి జారిపోయాయి.

జీవనాధారం పోయిన సంచార సమూహాన్ని ఆనాటి ప్రభుత్వం అనుమానంతో చూసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం, 1911లో దానిని దేశమంతటికీ విస్తరించిన చట్టం కింద బంజారా వర్గాలలో కొన్నింటిని పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించారు. నిన్నటివరకు సైన్యానికి అన్నం మోసినవారు పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవలసిన దుస్థితి ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత 1952లో ఆ చట్టం రద్దయింది. తెలంగాణ ప్రాంతపు లంబాడాలను 1976 నాటి సవరణ చట్టం షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. 2018లో తెలంగాణలో 500, అంతకు మించిన జనాభా గల తాండాలు గ్రామపంచాయతీలయ్యాయి. నడిచే తాండా నిలిచిన ఊరుగా మారడానికి, ఆ ఊరు తన్ను తాను పాలించుకోవడానికి మధ్య ఒక శతాబ్దానికి పైగా కాలం గడిచింది.

వృత్తి పోయినా సూది మిగిలింది. స్త్రీలు తమ కోసం, తమ కుమార్తెల పెళ్లిళ్ల కోసం కుట్టుకుంటూనే వచ్చారు. ఎరుపు, నీలి రంగుల ముతక నూలుబట్టపై అద్దాలు, గవ్వలు, పూసలు, పాత నాణేలు పొదిగిన రవికలు, ఓణీలు అందరూ ఎరిగినవే. వాటితోపాటు సంచుల తయారీలోనూ వారిది ప్రత్యేకమైన ఒరవడి. చదరపు గుడ్డ నాలుగు మూలలలో మూడింటిని నడిమికి మడిచి కలిపి కుట్టి, నాలుగో మూలను మూతగా విడిచిపెడితే తపాలా కవరు వంటి సంచి తయారవుతుంది. బట్టను కత్తిరించి పారవేయవలసిన ముక్క ఒక్కటీ ఉండదు. కర్ణాటకలోని సండూరు ప్రాంతపు లంబాణీ స్త్రీలు కుట్లకు కీలన్, వేలె, బక్యా, మకీ, కౌడి, నక్రా వంటి పేర్లు పెట్టుకున్నారు. అక్షరం రానివారు సైతం ఈ పేర్లను, కొలతలను తల్లి నుంచి కుమార్తెకు నోటిమాటగా, చేతిపనిగా అందించారు.

ఈ విద్య మార్కెట్టుకు చేరిన వైనం మిశ్రమ ఫలితాల గాథ. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి, దానికి నేతృత్వం వహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ హస్తకళలను దయాధర్మాల పరిధి నుంచి తప్పించి జీవనోపాధిగా నిలపాలని శ్రమించారు. ఆ తరువాతి దశాబ్దాలలో గోవా బీచి సంతలలోనూ, ఢిల్లీ జనపథ్‌లోనూ బంజారా పని విదేశీ యాత్రికులను ఆకర్షించింది. గిరాకీ పెరిగినకొద్దీ పెళ్లినాటి పాత రవికలను, ఎద్దుల మీద కప్పిన వస్త్రాలను తాండాలలో కొని, వాటిని ముక్కలుగా కోసి చేతిసంచులకు అతికే వ్యాపారం మొదలయింది. ఒక తరం స్త్రీ ఏళ్ల తరబడి కుట్టిన వస్త్రం నాలుగైదు సంచులపై తునకలై చెల్లాచెదరయింది. సంచి లాభం చిల్లు తీర్చినట్లు, ఆదాయం పేరిట వారసత్వమే కరిగిపోయింది.

దీనికి భిన్నమైన మార్గం సండూరులో కనిపిస్తుంది. అక్కడి కుశల కళా కేంద్రం పాత వస్త్రాలను కోయకుండా, ఆ కుట్లతో కొత్త వస్తువులు తయారుచేయించే పద్ధతిని అనుసరించింది. సండూరు లంబాణీ కుట్టుపని 1999 నాటి చట్టం కింద భౌగోళిక సూచిక గుర్తింపు పొందింది. 2023 జులైలో హంపీలో జరిగిన జి-20 సాంస్కృతిక కార్యవర్గ సమావేశం సందర్భంగా 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ఒకేచోట ప్రదర్శించగా, అది గిన్నిస్ రికార్డుగా నమోదయింది. ఒకనాడు ఇదే తుంగభద్రా పరీవాహక ప్రాంతం గుండా ధాన్యపు గోనెలతో సాగిన జాతికి అది సముచితమైన సత్కారమే. అయితే ప్రదర్శన ముగిసిన మరునాటి నుంచి ఆ చేతులకు పని ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానం పర్యావరణ విధానాలలో కొంత లభించవచ్చు. వరదనీటి కాలువలకు పాలిథీన్ అడ్డుపడడాన్ని అనుభవించిన బంగ్లాదేశ్ 2002లో పలుచని ప్లాస్టిక్ సంచులను నిషేధించి ప్రపంచ దేశాలకు దారి చూపింది. మన దేశంలో 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కంటే, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచనైన ప్లాస్టిక్ చేతిసంచులు నిషిద్ధం. ఇటువంటి నిబంధనల వెంట గుడ్డలాగా కనిపించే నేయని సంచులు అంగళ్ల నిండా వచ్చిచేరాయి. వాటిలో అధికభాగం పాలీప్రొపిలీన్, అంటే మరో రూపంలో ప్లాస్టిక్కే. ఒక పోగు తీసి కాల్చి చూస్తే నూలు కాగితం వాసనతో బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి ముద్దకడుతుంది.

నూలు సంచి అయినంతమాత్రాన పర్యావరణానికి మేలు చేసినట్లేనని భావించడమూ తొందరపాటే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం భూతాపం దృష్ట్యా ఒక నూలు సంచి, ఒక్కసారి వాడి పారవేసే పలుచని ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దానిని 131 పర్యాయాలు వాడవలసి ఉంటుంది. పత్తి సాగుకు పట్టే నీరు, ఎరువులు, మిల్లుకు పట్టే విద్యుత్తు ఈ లెక్కకు మూలం. కనుక సంచి మన్నికే దాని పర్యావరణ యోగ్యత. పొరలుగా కుట్టిన బంజారా సంచి ఏళ్ల తరబడి నిలుస్తుంది, చిరిగితే మరో కుట్టు వేసుకొనే వీలుంటుంది. పాతకాలపు అవసరం నేర్పిన గుణమే ఈ కాలపు అవసరానికి అక్కరకు వస్తున్నది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. సంచిని లోపలి వైపుకు తిప్పి చూడాలి. చేతికుట్టులో పోగు నడక కొద్దిగా హెచ్చుతగ్గులతో ఉంటుంది, యంత్రపు కుట్టు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. అద్దం చుట్టూ దారం అల్లి బిగించి ఉండాలి, జిగురుతో అంటించినది త్వరలోనే ఊడిపోతుంది. పిడి సంచి అంచుకు మాత్రమే కాక కిందిదాకా కుట్టి ఉంటే బరువు ఆగుతుంది. పాత వస్త్రపు తునకలు అతికిన సంచి కంటే కొత్తగా కుట్టిన సంచిని కోరడం సంస్కృతికి చేసే మేలు.

ఈ విషయంలో ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత తక్కువేమీ కాదు. సదస్సులకు, శిక్షణ తరగతులకు వచ్చే ప్రతినిధులకు కాగితాలతోపాటు ఒక సంచి ఇవ్వడం ఆనవాయితీ. టెండరు ప్రకటనలో ‘అలంకరణ గల గుడ్డ సంచి’ అని మాత్రమే రాస్తే అతితక్కువ ధర పలికిన యంత్రపు సరుకే నెగ్గుతుంది, అందులో తప్పుపట్టవలసినవారూ ఉండరు. చేతికుట్టు అని, బట్ట నూలుదని, తయారీదారులు సహకార సంఘమో స్వయంసహాయక బృందమో కావాలని, ఆరు నెలల ముందు ఆర్డరు ఇస్తామని స్పష్టంగా పేర్కొంటే ఫలితం వేరుగా ఉంటుంది. చేతిపనికి కావలసినది గడువు. ఆర్థిక సంవత్సరం చివరి పక్షంలో హడావుడిగా పెట్టే కొనుగోలు ఏ తాండా స్త్రీకీ అందదు.

ఒక జాతి తన గోనెలలో దేశానికి అన్నం మోసింది. ఆ పని పోయినప్పుడు ఈ దేశం దానికి బదులుగా ఇచ్చినది అనుమానం. ఇప్పుడు అదే జాతి స్త్రీలు కుట్టిన సంచిని మనం భుజాన వేసుకుంటున్నాము. దానికి న్యాయమైన వెల చెల్లించడం ఔదార్యమనిపించుకోదు, చాలాకాలంగా నిలిచిపోయిన ఒక బాకీలో కొంత తీర్చడమే అవుతుంది.