కర్రపెండలం – సగ్గుబియ్యం: పేర్ల వెనుక పంట చరిత్ర

కీలకపదాలు: కర్రపెండలం, సగ్గుబియ్యం, పంటల చరిత్ర, పదచరిత్ర, మలయా వాణిజ్యం.

1. ఉపోద్ఘాతం

పంటల చరిత్ర రచనలో చాలాసార్లు పేరే తొలి ఆధారమవుతుంది. అయితే కొత్త మొక్కకు తెలిసిన మొక్క పేరు పెట్టడం, పాత సరుకు పేరును కొత్త సరుకుకు కొనసాగించడం జనవ్యవహారంలో సహజం. తెలుగులో కర్రపెండలం మొదటి పద్ధతికి, సగ్గుబియ్యం రెండవ పద్ధతికి ఉదాహరణలు. కర్రపెండలం పెండలం జాతికి చెందదు. నేడు మన అంగళ్లలో దొరికే సగ్గుబియ్యంలో సగ్గూ లేదు, బియ్యమూ లేదు. పంట ప్రవేశాన్ని నిర్ణయించడానికి ఈ పేర్లు ఎంతవరకు ఆధారమవుతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మొక్క గుర్తింపు

కర్రపెండలం ఆముదపు కుటుంబానికి చెందిన పొద. చేతివేళ్లలా చీలిన ఆకులు, గాటు పెడితే కారే పాలు, ఒకే గుత్తిలో వేరువేరుగా పూసే ఆడ, మగ పూలు, మూడు గదుల కాయ దీని గుర్తులు. లిన్నేయస్ 1753లో దీనిని జట్రోఫా ప్రజాతిలో చేర్చాడు. క్రాంట్జ్ 1766లో మానిహాట్ ఎస్కులెంటా అని నామకరణం చేశాడు. చేదు, తీపి రకాలను వేరు జాతులుగా భావించిన కాలమూ ఉంది. నిజానికి రెండూ ఒకే జాతి. విషపూరిత సైనైడును విడుదల చేసే లినమారిన్ పరిమాణంలోనే ప్రధాన భేదం.

పెండలం డయోస్కోరియా ప్రజాతికి చెందిన తీగ, ఏకదళబీజ మొక్క. దాని దుంప ముక్కను నాటితే మొలకెత్తుతుంది. కర్రపెండలం దుంప మాత్రం ఊరిన వేరు. దానిపై మొలకెత్తే కన్నులుండవు. అందువల్ల ముదురు కాండాన్ని 15–20 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి నాటుతారు. ‘కర్ర’ అనే విశేషణం మొక్క రూపానికీ, నాటే పద్ధతికీ సరిపోతుంది. తమిళంలోని ‘కుచ్చికిళంగు’ అన్న మాటకూ పుల్లదుంప అనే అర్థం. శాస్త్రీయ వర్గీకరణ దృష్టిలో పొరపాటుగా కనిపించే ఈ పేరులో రైతు గమనించిన భేదం భద్రంగా ఉంది.

3. పంట ప్రయాణం

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ పరీవాహక ప్రాంతపు దక్షిణపు అంచున దీనిని తొలుత సాగులోకి తెచ్చినట్లు జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. పోర్చుగీసువారి నౌకలలో ఇది ఆఫ్రికాకు, అనంతరం మలబారు తీరానికి చేరింది. తిరువాన్కూరును 1880–85 మధ్య పాలించిన విశాఖం తిరునాళ్ దీని సాగును ప్రోత్సహించాడు. 1963లో తిరువనంతపురంలో కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ ఏర్పడింది. 1971లో ఆ సంస్థ విడుదల చేసిన సంకర రకాలలో హెచ్-226 పిండి పరిశ్రమకు ముఖ్యమైనదైంది.

4. సగ్గు నుండి సగ్గుబియ్యం

‘సగ్గు’కు మూలం మలయ్ భాషలోని ‘సాగు’. అది మెట్రోజైలాన్ తాళవృక్షపు మానులోని గుజ్జు నుండి తీసే పిండి. ఆ పిండితో చేసిన గుండ్రని పూసలు సింగపూరు నుండి ఎగుమతి అయ్యేవి. అయితే 19వ శతాబ్దంలోనే మలక్కా ప్రాంతంలో చైనీయులు కర్రపెండలాన్ని విస్తారంగా సాగుచేసి పిండి తీశారు. కాబట్టి ఆనాటి దిగుమతి పూసలన్నీ తాళవృక్షపు పిండివేనని భావించలేము.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మలయా సరుకు రాక ఆగిపోగా, సేలం పరిసరాలలో కర్రపెండలంతో సగ్గుబియ్యం తయారీ బలపడింది. ఆంధ్రప్రాంతంలో పెద్దాపురం, సామర్లకోట పరిసరాలు ఈ పరిశ్రమకు నెలవులయ్యాయి. తవ్విన దుంప రెండు మూడు రోజులలోనే చెడిపోతుంది. అందుకే మిల్లు పొలానికి దగ్గరలో ఉండవలసి వచ్చింది. దుంపను చెక్కుతీసి, కడిగి, రుబ్బి, పాలను వడగట్టి, తేరిన తడిపిండిని పూసలుగా చేసి, పెనాలపై వేయించి, ఎండబెడతారు. రుబ్బి కడిగే ఈ క్రమంలోనే సైనైడు చాలావరకు తొలగుతుంది.

5. ముగింపు

పాత లెక్కల్లోనో, వంటల పుస్తకంలోనో ‘సగ్గుబియ్యం’ అన్న మాట కనిపించినంత మాత్రాన ఆ ప్రాంతంలో కర్రపెండలం పండిందని చెప్పడం సరికాదు. ఆ మాట సముద్రవాణిజ్యానికి సాక్ష్యం కావచ్చు, సాగుకు కాదు. సాగును నిరూపించడానికి కర్రల నాటు, దుంపల అమ్మకం, మిల్లుల స్థాపన వంటి ఆధారాలు కావాలి. పేరు పాతదైనా, అది సూచించే వస్తువు మారుతూ వచ్చింది. ఈ మార్పును గుర్తించకపోతే పంట చరిత్ర తప్పు శతాబ్దంలో మొదలవుతుంది.