త్వరణమందు ఇంజను తడబాటు (పాత ట్రక్కులు)

యాక్సిలరేటరును తొక్కినంతనే వేగము పుంజుకొనక, క్షణకాలము ఇంజను వెనుదీసి, పిమ్మట ఒక్క కుదుపుతో ముందునకు సాగుట ఈ దోషమునకు లక్షణము. 1980వ దశకము వఱకు విరివిగా నడచిన కార్బురేటరు గల పెట్రోలు ట్రక్కులయందు దీనికి మూలము తఱచుగా ఇంధనమిశ్రమము పలుచబడుటయే. థ్రాటిల్ కవాటము హఠాత్తుగా తెఱచుకొన్నపుడు తేలికయైన గాలి తక్షణమే చొరబడగా, బరువైన పెట్రోలు వెనుకబడును. తూకమునుబట్టి సుమారు 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు పూర్ణదహనమునకు వలయును గాన, ఆ లోటును పూరించుటకై కార్బురేటరునందు యాక్సిలరేటరు పంపు అమర్చబడినది.

కావున పరీక్ష అచ్చటనే ఆరంభింపవలెను. ఇంజనును ఆపి, ఎయిర్ క్లీనరును తొలగించి, నిప్పును దరిచేరనీయక, కార్బురేటరు కంఠములోనికి చూచుచు థ్రాటిల్‌ను చేతితో తెఱచినచో, పెట్రోలు ధార ఆలస్యము లేక వెలువడవలెను. ధార రాకున్నను, క్షీణముగా వచ్చినను, పంపు డయాఫ్రం ఎండి చిరిగియో, సన్నని రంధ్రము పూడిపోయియో యుండును. ఇంతటి సులభపరీక్షను విడిచి, తొలుతనే కార్బురేటరును మార్చువారి వ్యయము తఱచుగా వ్యర్థమగును.

ధార సవ్యముగా నున్నచో, డిస్ట్రిబ్యూటరు వాక్యూమ్ అడ్వాన్సు గొట్టమును నోటితో పీల్చి చూడవలెను. డిస్ట్రిబ్యూటరు లోని పలక కదలనిచో వాక్యూమ్ అడ్వాన్సు డయాఫ్రం చినిగియుండవచ్చును, లేదా పలకయే బిగిసియుండవచ్చును. ఇంటేక్ మానిఫోల్డు గాస్కెట్ల వద్ద గాలి చొరబాటు, మురికిపట్టిన ఇంధన ఫిల్టరు పిమ్మట పరిశీలింపదగినవి.