చిగురు పన్ను నుంచి బెల్టు షాపు దాకా

1879 మార్చిలో రంప కొండల్లో పితూరీ లేచింది. దానికి తక్షణ కారణం కల్లు. ఇంటి వాడకానికి చెట్టు గీసుకునే అలవాటు మీద మద్రాసు ప్రభుత్వం అబ్కారీ చట్టం రుద్దింది. గుత్తేదారులు వచ్చారు, రంప మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. ఆ ఏడాదే మంటలు భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకాయి. 1874లో మధ్య పరగణాల నుంచి గోదావరి జిల్లాకు మారిన ఆ ప్రాంతంలో, పోడుకు గొడ్డలికి నాలుగణాలున్న పన్ను మూడింతలైంది. కొండల మీది జనానికి కల్లు గీత, పోడు రెండూ తిండికి సంబంధించిన సంగతులు.

ఇప్పటికీ కోయల, కొండరెడ్ల ఊళ్ళలో జీలుగు కల్లుకు, తాటి కల్లుకు వేటి కాలం వాటికుంది. ఇప్పపువ్వు వేసవి మొదట్లో రాలుతుంది. దాన్ని ఎండబెట్టి తింటారు, సారా కాస్తారు. 1940లలో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, వాళ్ళ బతుకులో జీలుగు చెట్టుకున్న చోటును తన పుస్తకంలో నమోదు చేశాడు. ఇప్పసారా ఘాటైనదే, అతిగా తాగితే అదీ చెరుపే. కానీ చెట్టు ఇచ్చినన్నాళ్ళే కల్లు, పువ్వు ఉన్నన్నాళ్ళే సారా. పండగకు, పెళ్ళికి, చావుకు ఊరంతా కలిసి తాగేది.

ఆ హద్దును చెరిపేసింది వ్యాపారం. వేలంపాటలో దుకాణం దక్కించుకున్న గుత్తేదారుకు ఏడాది పొడుగునా అమ్మకం కావాలి, ఖజానాకు ఏడాది పొడుగునా రాబడి కావాలి. 1980లలో 'వారుణి వాహిని' పేరిట ప్రభుత్వ సారాయి ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అల్లుకుని, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. సారా ప్యాకెట్టు పోయిన చోటికి క్వార్టర్ సీసా వచ్చింది, ఊళ్ళో కిరాణా కొట్టే బెల్టు షాపు అయింది.

ఈ మార్పును మొదట లెక్కగట్టేది కాలేయం.

తాజా కల్లులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళు. సీసా విస్కీలో 42.8 పాళ్ళు. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. రోజూ అంతకు మించి తాగేవారిలో పదింట తొమ్మిదిమంది కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అప్పటికి నొప్పి ఉండదు, మనిషి పనికి పోతూనే ఉంటాడు. మానితే కొన్ని వారాల్లో ఆ కొవ్వు తగ్గుతుంది. మానకపోతే కొందరిలో కాలేయం వాచి, ఏళ్ళ తరబడి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్.

గట్టిపడ్డ కాలేయం గుండా రక్తం సాఫీగా పారదు. వెనక్కి ఎదురుతన్నిన ఒత్తిడికి పొట్టలో నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి. అన్నవాహికలోని సిరలు ఉబ్బి పగిలితే నెత్తురు కక్కుకుంటారు, మలం తారులా నల్లగా పోతుంది. కాలేయం వడగట్టాల్సిన విషాలు మెదడుకెక్కితే పగలు మగతగా, రాత్రి నిద్ర లేకుండా గడుస్తుంది. మాట తడబడుతుంది, చేతులు వణుకుతాయి. ఇంటివాళ్ళు గాలి సోకిందనుకునేది ఈ దశలోనే. నెత్తురు కక్కినా, మనిషి మతి తప్పినా ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఒక్క పూట కూడా ఆగకూడదు.

కామెర్లకు పసరు పోయడం తెలుగు పల్లెల్లో తరాల నాటి ఆచారం. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కింది. తాగుడుతో, ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోయిన హెపటైటిస్ బితో చెడిన కాలేయం అలా కోలుకోదు. కళ్ళలో పసుపు కనబడగానే రక్తపరీక్ష చేయించకుండా పసరు కోసం తిరిగిన వారాలు, ఆ మనిషికి మిగిలిన అవకాశాన్ని తినేస్తాయి.

హెపటైటిస్ బి రాకుండా ఆపే టీకా తెలుగునేల మీదే చవకైంది. వరప్రసాదరెడ్డి స్థాపించిన హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకాను విడుదల చేసింది. అప్పటిదాకా దిగుమతి టీకా పేదింటికి అందేది కాదు. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లో ప్రతి బిడ్డకూ ప్రభుత్వమే వేయిస్తోంది. ఆసుపత్రిలో కాక ఇంట్లో పురుడు పోసుకుంటే తప్పిపోయేది ఆ మొదటి మోతాదే. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రకాలకు పరీక్ష, మందులు ఉచితం.

తాగుడు సంగతిలోనూ ఊరికి ఒక అధికారం ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు, పంచాయతీలకు మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే హక్కు ఇవ్వాలంది. ఉమ్మడి రాష్ట్రం 2011లో దానికి నియమాలు చేసింది. 2014లో రాష్ట్ర విభజనతో చింతూరు, కూనవరం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఎక్సైజు శాఖలు రెండయ్యాయి, కానీ పెసా రెండు వైపులా వర్తిస్తుంది. బెల్టు షాపు ఉండాలో వద్దో గ్రామసభలో అడిగే హక్కు ఇటు ఆడవాళ్ళకూ, అటు ఆడవాళ్ళకూ ఉంది. గ్రామసభ నిర్ణయాన్ని రెండు ప్రభుత్వాలూ అమలు చేసి తీరాలి.