కెప్టెన్ కుర్చీలో డబుల్స్ ఆటగాడు

ఆస్ట్రేలియా టెన్నిస్ ఆటగాడు హ్యారీ హాప్‌మన్ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ ఒక్కటీ గెలవలేదు. 1930 నుంచి వరసగా మూడేళ్లు ఆస్ట్రేలియా చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి ఓడాడు. అందులో రెండుసార్లు ఓడించింది ఎవరనుకున్నారు? డబుల్స్‌లో అతని జోడీ జాక్ క్రాఫోర్డే! ఆ క్రాఫోర్డ్‌తోనే 1929, 1930ల్లో డబుల్స్ గెలిచాడు. భార్య నెల్‌తో కలిసి నాలుగు మిక్స్‌డ్ టైటిళ్లూ నెగ్గాడు.

ఇలాంటివాడికి సరైన చోటు దేశాల జట్లు తలపడే డేవిస్ కప్. అక్కడ ఆ రోజుల్లో మధ్య రోజు జరిగేది డబుల్సే. పైగా కెప్టెన్ కోర్టు పక్కనే కూర్చుని ఆటగాడితో మాట్లాడొచ్చు. 1939 సెప్టెంబరులో, ఒకపక్క యుద్ధం మొదలవుతుంటే, ఫిలడెల్ఫియా దగ్గర ఫైనల్లో హాప్‌మన్ కెప్టెన్‌గా ఉన్న ఆస్ట్రేలియా అమెరికా మీద 0-2తో వెనకబడింది. క్విస్ట్, బ్రామ్‌విచ్ డబుల్స్ గెలిచారు. ఆ తర్వాత రెండు సింగిల్సూ మనవే అన్నట్టు ఆడి కప్పు ఎత్తుకెళ్లారు.

1950లో మళ్లీ కెప్టెన్సీ చేపట్టిన హాప్‌మన్, 1967 నాటికి మొత్తం 16 కప్పులు గెలిపించాడు. అతని అసలు తలనొప్పి ప్రత్యర్థులు కాదు, డబ్బు. అప్పట్లో డేవిస్ కప్ అమెచ్యూర్లకే. సెడ్జ్‌మన్, రోజ్‌వాల్, హోడ్, లేవర్ ఒక్కొక్కరే ప్రొఫెషనల్ సర్క్యూట్‌కి వెళ్లిపోతుంటే, ఖాళీ అయిన చోట కొత్త కుర్రాళ్లని నిలబెట్టాలి. దానికి అతను నమ్ముకున్నది ఒళ్లు హూనమయ్యే కసరత్తు. నెట్‌కి అవతల ఇద్దరు, ఇవతల ఒక్కడు. బంతి ఎటు కొట్టినా తిరిగొచ్చేస్తుంది, ఊపిరి తీసుకునే సందుండదు. సింగిల్స్ ఆటగాళ్లని తయారుచేసే పనికి డబుల్స్ మనిషికే తట్టే ఉపాయమిది.

1953 ఫైనల్లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా 1-2తో వెనకబడింది. అమెరికా ఆటగాడు ట్రాబర్ట్‌తో ఐదో సెట్‌లో, తడిసిన గడ్డి మీద పంతొమ్మిదేళ్ల హోడ్ బోర్లాపడ్డాడు. హాప్‌మన్ ఓదార్చలేదు, తువ్వాలు తీసి అతని మీదికి విసిరాడు. హోడ్ లేచి ఆ మ్యాచ్ గెలిచాడు. మర్నాడు రోజ్‌వాల్ గెలిచి కప్పు దక్కించాడు.

1966 ఫైనల్లో అదే మెల్‌బోర్న్‌లో భారత్ 4-1తో ఓడింది. మనవాళ్లు గెలిచిన ఆ ఒక్కటీ డబుల్సే. రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీ కలిసి న్యూకాంబ్, రోష్‌ల మీద నెగ్గారు. డబుల్స్ పిచ్చివాడి జట్టుకి అంతకంటే చురక ఏముంటుంది?

తర్వాత హాప్‌మన్ అమెరికా వెళ్లి న్యూయార్క్ దగ్గర పోర్ట్ వాషింగ్టన్ అకాడమీలో చేరాడు. అక్కడి కుర్రాళ్లలో ఒకడు జాన్ మెకన్రో. పెద్దయ్యాక అతనికి ప్రాక్టీసంటే బద్ధకం, డబుల్స్ ఆడటమే ప్రాక్టీసు. పీటర్ ఫ్లెమింగ్‌తో కలిసి అలాగే వింబుల్డన్ నాలుగుసార్లు, యూఎస్ ఓపెన్ మూడుసార్లు గెలిచాడు.