నారద హాస్యము - కాంతారావు నటన

పౌరాణిక చలనచిత్రములలోని హాస్యమును గూర్చి ప్రసంగించునపుడు రేలంగి, రమణారెడ్డి, పద్మనాభము మున్నగువారి పేళ్లు ముందుగా వినవచ్చును. అది న్యాయమే. 'మాయాబజారు' (1957)లోని లక్ష్మణకుమారుడును, 'నర్తనశాల' (1963)లోని ఉత్తరకుమారుడును రేలంగి వేంకట్రామయ్య నటనచేత చిరస్మరణీయులైరి. ఈ హాస్యమున పాత్ర తానే నవ్వులపాలగును. పౌరాణిక కథలలో మరియొక జాతి హాస్యము కూడ కలదు. అందు పాత్ర తాను నవ్వులపాలు గాక ఇతరుల గర్వమును నవ్వులపాలు చేయును. నారదుడు అట్టి పాత్ర. ఆ పాత్రను తెరపై పలుమారులు ధరించి మెప్పించిన కాంతారావు నల్లగొండ సీమవాడు. హాస్యప్రసంగములలో ఆయన పేరు అరుదుగా వినబడుటయే ఈ వ్యాసమునకు హేతువు.

కాంతారావు హాస్యనటుడని నా వాదము కాదు. ఆయనను లోకము 'కత్తి కాంతారావు' అనియే పిలిచినది. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16వ తేదీన, నాటి నల్లగొండ జిల్లా కోదాడ ప్రాంతమునందలి గుడిబండ గ్రామమున జన్మించెను. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ ప్రాంతము సూర్యాపేట జిల్లాలో చేరినది. ఆయన బాల్యయౌవనములు నైజాము పాలనలో గడచినవి. ఆనాడు తెలుగు చిత్రనిర్మాణమునకు కేంద్రము మదరాసు. అచట హెచ్.ఎం. రెడ్డి నిర్మించిన 'ప్రతిజ్ఞ' (1953) ఆయనను కథానాయకునిగను, రాజనాలను ప్రతినాయకునిగను ప్రేక్షకులకు పరిచయము చేసెను. 'జయసింహ' (1955)లో నాయకునకు తమ్ముడయ్యెను. విఠలాచార్య 'జయ విజయ' (1959) మొదలుకొని జానపద చిత్రములు ఆయన చేతికి కత్తినిచ్చినవి. ఆ కత్తి వెలుగులో తక్కిన వేషములు మరుగుపడినవి.

ఆ తక్కిన వేషములను పరికించిన ఒక విశేషము తోచును. 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు, 'నర్తనశాల'లో శ్రీకృష్ణుడు, 'సీతారామ కల్యాణము' (1961), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963), 'శ్రీకృష్ణ తులాభారము' (1966) చిత్రములలో నారదుడు. ఇవన్నియు రెండవ స్థానపు పాత్రలు. కథ వీరిది కాదు. కాని వీరు లేక కథ నడువదు.

మన జానపద రంగస్థలమున హాస్యపాత్రకు ప్రత్యేక స్థానము కలదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, తెలంగాణములోని చిందు భాగవతమున బుడ్డరుఖాను కథ నడుమ ప్రవేశించి, వికృతవేషముతోను మోటుమాటతోను నవ్వించి నిష్క్రమింతురు. నారదుడు అట్లు కాదు. అతడు కథను ఆపడు. కథను తానే నడుపును. గయుని వృత్తాంతమున అభయమిచ్చిన అర్జునుని, శపథము చేసిన కృష్ణుని ఎదురెదురుగా నిలిపి, తాను నారాయణ నామము జపించుచు ప్రక్కన నిలుచును. చిలకమర్తి లక్ష్మీనరసింహము గయోపాఖ్యాన నాటకమువలన ఈ కథ తెలుగువారికి చిరపరిచితము.

తులాభార కథలో ఈ హాస్యము పరాకాష్ఠనందును. ముత్తరాజు సుబ్బారావు నాటకము, అందు స్థానము నరసింహారావు సత్యభామ వేషము ఆంధ్రదేశమున మిక్కిలి ప్రఖ్యాతములు. సత్యభామ చేత వ్రతము పట్టించి, భర్తను దానముగా గొని, ఆ జగన్నాథునే విక్రయమునకు పెట్టువాడు నారదుడు. దానము పుచ్చుకొన్నవానికి దానవస్తువుపై సర్వాధికారము కలదను ధర్మశాస్త్ర వాదము అతని ఆయుధము. వాదము ఎంత గంభీరముగా సాగిన అంత నవ్వు పుట్టును. అయినను అమ్మువాడు భక్తుడు, అమ్ముడుపోవువాడు అతని దైవము. నటుడు వట్టి టక్కరి అయినచో భక్తి పోవును. వట్టి భక్తుడైనచో హాస్యము పోవును. కాంతారావు ఈ రెంటి నడుమ నిలిచెను. ఆయన నవ్వు పెదవి దాటదు, మాట తొందరపడదు. సత్యభామ కోపమునకు ఆయన యిచ్చు ఉత్తరము వినయమే. ఆ వినయమే ఆమెకు ఉచ్చు. సత్య నగలన్నియు తూగక, రుక్మిణి వేసిన తులసీదళమునకు త్రాసు ఒరగినపుడు ప్రేక్షకుని నవ్వు నమస్కారముగా మారును.

'చెంచులక్ష్మి' (1958)లో రేలంగియు నారదుడయ్యెను. ఆయన తెరపై కనబడగనే ప్రేక్షకుడు నవ్వుటకు సిద్ధపడును. కాంతారావు కనబడినపుడు ముందు మునియే కనబడును. నవ్వు ఆలస్యముగా వచ్చును. మొదటిది నటుని కీర్తివలన పుట్టిన హాస్యము. రెండవది పాత్రలోనుండి పుట్టినది. రెండును ఉత్తమములే; మార్గములు వేరు.

ఇచట మరియొక సంగతి గమనింపదగినది. తరువాతి దశాబ్దములలో తెలంగాణపు మాట తెలుగు తెరపై విస్తారముగా ప్రతినాయకులకును, పనివాండ్రకును, నవ్వులాటకును ఉపయోగపడినది. ఆ సీమ యాస వినబడిననే నవ్వవలెనను అలవాటు ప్రేక్షకులకు ఏర్పడినది. ఆ అలవాటు బలపడకమున్నే నల్లగొండ సీమకు చెందిన నటుడొకడు సంస్కృతసమాస భూయిష్ఠమైన దేవర్షి వాక్కును నిర్దుష్టముగా పలికి, యాసతో గాక బుద్ధితో నవ్వించెను. తెలంగాణము సినిమాకు హాస్యవస్తువునే గాక హాస్యకర్తను కూడ ఇచ్చినదనుటకు ఇది ప్రబల సాక్ష్యము.

ఆయన తుదిజీవితము సుఖముగా గడువలేదు. 'సప్తస్వరాలు' (1969) మున్నగు చిత్రములను స్వయముగా నిర్మించి నష్టపోయెను. పిమ్మట చిన్నవేషములతో కాలము గడపెను. 2009 మార్చి 22న హైదరాబాదులో మరణించెను. ఆయన కత్తిని లోకము మరువలేదు. చేతనున్న చిడతలను కూడ స్మరించినపుడే ఆ నటుని అంచనా సమగ్రమగును.